ఛాతీ ఎత్తున సున్నా

పరిశోధనా కేంద్రంలో అందరూ ఆమెను టేపమ్మ అంటారు. పన్నెండేళ్లుగా మెడలో టేపు వేసుకుని అడవిలో చెట్ల చుట్టుకొలతలు రాస్తోంది. రెండేళ్ల కిందట పరిశోధనకని పక్క బల్ల దగ్గరికి వచ్చిన పిల్ల మాత్రం చెట్టును ముట్టుకోదు. కట్టెలు కొట్టుకునే ఆడవాళ్లతో కూర్చుని, వాళ్లు చెప్పిందల్లా రాసుకొస్తుంది. ఆ కాగితాలు చదివి పెద్దసారు మురిసిపోతుంటే టేపమ్మకు ఒళ్లు మండిపోయేది.

"కబుర్లకు కూడా డాక్టరేట్ ఇస్తున్నారా సార్?" అంది ఒకరోజు, నవ్వుతున్నట్టే.

చివరికి వాగు అవతలి అడవిముక్క దగ్గర ఇద్దరికీ చెడింది. అక్కడ చెట్లు లేవు, ఎవరినీ రానివ్వకుండా కంచె వేయాలని టేపమ్మ నివేదిక రాసింది. సోమవారం సంతకాలైతే నలభై ఇళ్లవాళ్లకు పొయ్యిలోకి పుల్ల దొరకదు.

"అక్కా, అక్కడ అడవి ఉందట. వాళ్లు చెప్పారు," అంది ఆ పిల్ల.

"చెప్పారా, కొలిచారా?"

ఆ నోరు మూయించాలనే శనివారం పొద్దున్నే టేపమ్మ మళ్లీ అక్కడికి వెళ్లింది. పద్ధతి ప్రకారం ఛాతీ ఎత్తున టేపు పట్టింది. చుట్టడానికి ఏమీ లేదు. సున్నా. ప్రాణం లేచివచ్చింది.

కట్టెలు మోపు కడుతున్న పెద్దావిడ పకపకా నవ్వింది. "గాలిని కొలుస్తున్నావా తల్లీ? కాస్త వంగు. నడుం పట్టేసిందా ఏం?"

వంగింది. మోకాలెత్తున నరికిన మోడు. చుట్టూ బొటనవేలంత లావున పదకొండు పిలకలు.

"కిందటేడు కొట్టాం. ఇంకో మూడేళ్లు దీని జోలికి రాం. వచ్చే ఏడు ఆ పక్కది."

వేరు బతికే ఉంది. ఇన్నేళ్లూ తన లెక్కలో ఛాతీకి దిగువన అడవే లేదు.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడిగితే కదా! ఆ పిల్ల అడిగింది, చెప్పాం."

ఇక్కడా ఆ పిల్లే!

సాయంత్రం దాకా అరవై మోడుల పిలకలు లెక్కపెట్టింది. కంచె అక్కర్లేదని నివేదిక తిరగరాసింది. పైన తన పేరు రాసి, కాసేపు చూసి, కొట్టేసి, ఆ పిల్ల పేరు ముందు పెట్టి తనది దాని కింద రాసింది. చేయి కొరుక్కోవాలనిపించింది.

సోమవారం పెద్దసారు చదివి, "భలే పట్టుకుందమ్మా ఆ అమ్మాయి!" అన్నాడు. కంచె ఆగిపోయింది. టేపమ్మకు మాత్రం ముద్ద దిగలేదు.

మర్నాడు ఆ పిల్లకంటే గంట ముందే వాగు దాటి, కట్టెల ఆడవాళ్ల మధ్య చతికిలబడింది.

"దానికి చెప్పనిది ఏదైనా ఉంటే నాకు చెప్పండి," అంది.