మా అన్న ఎర్రబండి మోత

ఇప్పుడొచ్చే ట్రాక్టర్లను చూస్తే నాకు నవ్వొస్తాది. పైన గొడుగు, మెత్తటి సీటు, పాటల డబ్బా. వాకిట్లోకి వచ్చి నిలబడినా ఇంట్లో ఉన్నోళ్ళకు తెలీదు. మా కాలంలో అట్లా కాదు. బండి రాజుపాలెం రోడ్డు దిగి మా ఊరి దోవ పట్టిందంటే చాలు, అది ఎవరి బండో, ఖాళీగా వస్తాందో బరువుతో వస్తాందో, పొయ్యి కాడ కూర్చుని జొన్నరొట్టె తట్టే మా అమ్మ తల ఎత్తకుండా చెప్పేది. మా అమ్మకే కాదు, ఊర్లో అందరికీ ఆ చెవులే. ఉండక ఏం చేస్తారు? మా ఊర్లో బతకాలంటే ఆ చెవులు ఉండాల్సిందే.

ఊర్లో రెండు పార్టీలు. ఎన్నికలకొకసారి జెండా మారొచ్చు గానీ మనుషులు మారేది లేదు. పైవీధి పెద్దాయనది ఒకటి, కిందివీధి పెద్దాయనది ఒకటి. మొదటి ట్రాక్టరు పైవీధి ఆయన తెచ్చినాడు, ఎర్రది. ప్రొద్దుటూరు నుంచి పూలదండలు వేసి, టెంకాయలు కొట్టి తోలుకొస్తే ఊరంతా ఎగబడి చూస్తిమి. మా నాయన దాని పెద్ద చక్రాన్ని చేత్తో తడిమి, ఎద్దును తడిమినట్టు తడిమి, "అబ్బా, ఏముండాదప్పా!" అన్నాడు. ఎర్రది వచ్చినాక కిందివీధి ఆయన ఊరుకుంటాడా? మరుసటేడే నీలంది దిగె. ఎర్రబండిది దబదబమనే లావు మోత, నీలంబండిది టకటకమనే సన్న మోత. తర్వాత తర్వాత పచ్చవి వచ్చినాయి, పెద్దవి వచ్చినాయి, ఊరు ఊరంతా బండ్లే అయినాయి. కానీ ఏ రంగు ఎవరి పక్కదో పాలుతాగే బిడ్డకు కూడా తెలుసు.

బయటోళ్ళు ట్రాక్టరంటే దుక్కి దున్నేదే అనుకుంటారు. మాకు పొద్దన సేద్యం చేసేదీ అదే, మాపటికి మనుషులను మోసేదీ అదే. జమ్మలమడుగులో మీటింగంటే ట్రాలీ నిండా మనుషులు, ఓట్ల రోజు ట్రాలీ నిండా ఆడోళ్ళు, ప్రొద్దుటూరు కోర్టులో వాయిదా అంటే ట్రాలీ నిండా సాక్షులు. గడ్డి కింద ఏం పెట్టుకుని పోతాండారో ఎవరూ అడగకూడదు, అడిగేవాళ్ళూ లేరు.

ఇంకొకటుండె. పైవీధి వాళ్ళ చేన్లో నీలంబండి దిగకూడదు, కిందివీధి వాళ్ళ చేన్లో ఎర్రబండి దిగకూడదు. అదును పోయినా సరే. మా మేనత్త మొగుడు పైవీధి పక్క మనిషి. ఒక ఏడు వాన పడి నల్లరేగడి నేల వెన్న మాదిరి అయ్యిండె, శనగ ఇత్తాల. ఎర్రబండేమో మీటింగుకు మనుషులను తీసుకుని పోయి తిరిగి రాలేదు. పక్క చేన్లోనే నీలంబండి దున్నతాంది. ఒక్కమాట పిలిస్తే వచ్చేది. ఆయప్ప పిలవలేదు, వాళ్ళూ రాలేదు. నేల ఆరిపోయి, నెర్రెలిచ్చి, ఆ ఏడంతా బీడు పడె. మా మేనత్త గట్టు మీద కూర్చుని శాపనార్థాలు పెట్టింది, ఏ పార్టీనో చెప్పకుండా పెట్టింది.

మేము ఊరికి ఆ పక్క, గుడి ఉండే పేటలో ఉంటిమి. మా తాతల కాలంలోనే మిషనోళ్ళ గుడిలో చేరినోళ్ళం. మా నాయనకు కొంచెం నేల, మిగతా అంతా కూలి. నేను అప్పటికి ఇంకా బడికి పోయే ఆడపిల్లను. మా అన్న చదువు ఒంటబట్టక, పులివెందుల పక్క చీనీతోటల్లో, అదే బత్తాయి తోటల్లో, ట్రాక్టరు డ్రైవరుగా చేరి, కొన్నేండ్లకు రెండు తెచ్చినాడు: లింగాల పక్క నుంచి మా వదినను, ఆ తోటాయన వాడి వదిలేసిన పాత ఎర్రబండిని. వదినను చూసి మా అమ్మ సంతోషపడె. బండిని చూసి ఏడ్చె. సంతోషంతో కాదు, భయంతో.

"ఎర్రది తెస్తివి గదరా అబ్బీ! పైవీధోళ్ళ పక్క చేరినావనుకుంటారు," అనింది.

"దొరికింది ఎర్రది. రంగులో ఏముందిమా, నేను ఏ పక్కా కాదు. ఎవురు పిలిస్తే వాళ్ళ చేన్లోకి పోతా."

మా నాయన తలకాయ పట్టుకున్నాడు. "ఈ ఊర్లో ఏ పక్కా లేకుండా బతికినోడు ఎవుడురా?"

"నేను బతికి సూపిస్తా సూడు నాయనా," అన్నాడు మా అన్న. పంతమంటే పంతమే ఆయప్పకు. పొట్టిగా ఉండేవాడు, నవ్వితే కండ్లు మూసుకుపోయేవి, కానీ అనుకున్నదాన్ని వదిలే రకం కాదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరి ప్రాణమూ ఆ ఒక్క మాట మీదే నిలిచింది. మా అన్న ఏ పక్కకూ పోకుండా నిలబడాల. అంతే.

నిలబడినాడు కూడా. కొన్నేండ్లు నిలబడినాడు. పొద్దన పైవీధి చేన్లో దున్ని, మధ్యాన్నం కిందివీధి చేన్లోకి దిగేవాడు. మొదట్లో జనం బిత్తరపోయి చూసినారు. అదును పోతాందంటే ఎవరికైనా ఆత్రమే కదా, మెల్లగా రెండు పక్కలోళ్ళూ పిలవడం మొదలుపెట్టినారు. పార్టీలోళ్ళు ఊరుకుంటారా? పైవీధి పెద్దాయన ఒకసారి జెండా పంపించి బండికి కట్టుకోమన్నాడు. "పొగకు మసిబారి మీకే అగౌరవం పెద్దయ్యా," అని వెనక్కి పంపినాడు. కిందివీధి ఆయన మీటింగుకు మనుషులను తోలుకుపొమ్మన్నాడు. క్లచ్చి పోయిందన్నాడు. ఓట్లప్పుడు పంపు పోయిందన్నాడు, వాయిదాలప్పుడు బేరింగు పోయిందన్నాడు. ఎలక్షన్లు వస్తే చాలు ఆ బండికి జొరం వస్తాదని ఊరంతా నవ్వుకునేది. మా అన్న కూడా నవ్వేవాడు. ఆ నవ్వుతోనే నెట్టుకొచ్చినాడు.

ఆ ఏడు ఊర్లో పరిస్థితి బాగలేదు. కిందివీధి పెద్దాయన తమ్ముణ్ణి ఎవరో కొట్టి చంపినారు. పైవీధి వాళ్ళే అని కేసు పెట్టినారు. పైవీధి పెద్దాయన ఇల్లు దాటితే జీపు ఎక్కడం మానుకున్నాడు. జీపయితే కనిపెడతారని, తన ట్రాక్టరు బురదరేకు మీద కూర్చుని, తలకు తువ్వాల చుట్టుకుని, కూలోని మాదిరి చేన్లకు పోయి వచ్చేవాడు. పేరుకే రహస్యం. ఊరందరికీ తెలుసు.

అప్పుడే వాన పడె. మళ్ళీ శనగ అదును. మా అన్నకు తిండి తినేదానికి తీరికలేదు. సరిగ్గా ఆ హడావిడిలో బండి సైలెన్సరు తుప్పు పట్టి ఊడి పడిపోయింది. పొగంతా మొగానికి కొడతాంటే కండ్లు ఎర్రగా చేసుకుని దగ్గుకుంటా వచ్చినాడు. పరుగున ప్రొద్దుటూరు పోయినాడు. ఆ బండికి తగిన సైలెన్సరు దొరకలేదు, తెప్పించాలంటే ఆలస్యం. మెకానిక్కు ఒక నిటారు గొట్టం వెల్డింగు చేసి బిగించినాడు. పైవీధి పెద్దాయన బండికీ అట్లాంటిదే వేసినానని, గట్టిగా ఉంటుందని చెప్పి పంపినాడంట. మా అన్న ఆ మాట ఇంట్లో నవ్వుకుంటా చెప్పినాడు.

కొత్త గొట్టంతో బండి మొదటిసారి పేటలోకి వచ్చినప్పుడు మా అమ్మ రొట్టె పెనం మీదే వదిలేసి లేచి నిలబడె. "పైవీధి ఆయప్ప మన పేటకెందుకు వస్తాండాడే?" అనింది. బయట చూస్తే మా అన్న. మేమందరం విరగబడి నవ్వితిమి. మా అమ్మ మాత్రం నవ్వలేదు.

"తీసెయ్ అబ్బీ. ఆ మోత మనకొద్దు."

"ఇత్తనాలు కానీమా. అదును అయిపోతానే పాతది వెతికి బిగిస్తా. ఇప్పుడు బండి నిలబెడితే ఎంతమంది చేన్లు ఆరిపోతాయో నీకు తెలీదా?"

తెలుసు. మా అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

పొద్దుగూకే యాళ. నేను అప్పటికి జమ్మలమడుగులో టీచరు ట్రైనింగు చదువుతాంటి, ఆ పొద్దు సెలవని ఇంట్లో ఉన్నా. మా వదిన బిందె తీసుకుని కుళాయి కాడికి పోయింది. దూరంగా వాననీళ్ళు పారే వంక పక్క నుంచి బండి మోత వినపడె. దబదబమని దిగుతాంది. అంతలో ఢాం అని ఒకటి, వెనకనే ఇంకొకటి. ఇంటి ముందర వేపచెట్టు మీద పిట్టలన్నీ ఒక్కసారిగా లేచినాయి. మోత ఆగలేదు. ఒక్కచోటే నిలబడి, ఒకటే మాదిరిగా, మొత్తుకుంటానే ఉండాది.

మా అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని, "అయ్యో దేవా, పైవీధి ఆయప్పను చంపేసినారే!" అనింది. నేను పరిగెత్తి తలుపు గడియ పెట్టినా. ఊర్లో బాంబులు పడితే తలుపులు మూసుకోవడం మాకు అలవాటే కదా. ఇద్దరం గోడకు ఆనుకుని కూర్చుంటిమి. ఆయప్ప పెండ్లాం, బిడ్డలు ఏమైపోతారో అని మా అమ్మ ప్రార్థన కూడా చేసె. గొట్టం మార్చిన సంగతి మాకు తెలిసీ, ఆ మోతకు నవ్వుకున్న మేమే, ఆ పొద్దు ఆ మోత మా అన్నది అనుకోలేకపోతిమి. ఊరంతా అట్లనే అనుకునింది. బాంబులు వేసినోళ్ళూ అట్లనే అనుకున్నారు. వంక గట్టు కింద కంపచెట్ల మధ్య వంగి కూర్చుని, మనిషిని చూడకుండా మోతను నమ్మి వేసినారు. ఇంత గొప్ప చెవులు మావి! తగలబెట్టాల ఈ చెవులను.

కుళాయి కాడ్నుంచి మా వదిన బిందె పారేసి పరిగెత్తుకుంటా వచ్చి అది మన బండే అని తలుపు బాదినాక గానీ మాకు తెలియరాలేదు. పేటలోళ్ళు వంకకు పోయేసరికి బండి ముందు చక్రాలు గట్టుకు ఆనుకుని ఉండాయంట, ఇంజను తిరుగుతానే ఉండాదంట. ఆ బండికే ట్రాలీ తగిలించి, మా అన్నను అందులో పండబెట్టి, జమ్మలమడుగు ఆసుపత్రికి తోలినారు. సగం దోవలోనే పాయె.

మరుసటి రోజు శవం వచ్చేసరికి మా పేట నిండా పైవీధి జనం. పెద్దాయన స్వయంగా వచ్చినాడు. నిజంగానే ఏడ్చినాడు, అబద్ధం చెప్పకూడదు. "నాకు రావాల్సిన సావు వీడు తీసుకున్నాడు. ఈ పొద్దు నుంచి వీడు నా సొంత తమ్ముడు," అని చెప్పి శవప్పెట్టె మీద జెండా కప్పినాడు.

మా వదిన కూర్చున్న చోటు నుంచే, "వద్దయ్యా, ఆయన ఏ పక్కా కాదు," అనింది. అందరికీ వినపడె.

పెద్దాయన వెనక ఉన్న మనిషి ఒకడు, "మరి కేసు ఎవురు నడుపుతారమ్మా? రేపు వాళ్ళు మీ ఇంటి మీదికి వస్తే ఎవురు అడ్డం నిలబడతారు?" అన్నాడు. మా వదిన మా నాయన దిక్కు చూసింది. మా నాయన తల వంచుకున్నాడు. ఆయన్ను నేను ఈరోజుకీ తప్పు పట్టను. ఒక కొడుకు పోయినాడు, ఇంట్లో ఇద్దరు ఆడబిడ్డలం. ఏం చేస్తాడు ముసలోడు?

పాస్టరయ్య వాక్యం చదువుతాంటే పక్కన జనం పార్టీ నినాదాలు ఇచ్చినారు. సమాధుల తోట గోడకు ఆ పక్క, దూరంగా, కిందివీధి రైతులు కొందరు తలగుడ్డలు తీసి చేతిలో పట్టుకుని నిలబడినారు. మా అన్న దున్నిన చేన్ల వాళ్ళే. లోపలికి రాలేకపోయినారు. వాళ్ళను చూసి నాకు ఆపుకోలేని దుఃఖం వచ్చింది, పెట్టెను చూసినప్పుడు కూడా అంత రాలేదు.

ఆ తర్వాత అంతా వాళ్ళు చెప్పినట్టే. బండిని పెద్దాయన మనుషులు బాగుచేయించి తోలుకుంటామని తీసుకుపోయినారు. మా నాయన సాక్షి అయినాడు, ప్రొద్దుటూరు వాయిదాలకు వాళ్ళ ట్రాలీలోనే పోయి వచ్చేవాడు. మా వాకిట్లో ఇద్దరు మనుషులు ఎప్పుడూ కాపలా కూర్చునేవాళ్ళు. మా వదిన కొన్నాళ్ళు చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా లింగాల వెళ్ళిపోయింది. నేను చదువు ముగించుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తాంటి.

ఒక మధ్యాన్నం ఊర్లో మగోళ్ళెవరూ లేరు. జమ్మలమడుగులో ఏదో పెద్ద మీటింగు. మా కాపలా మనుషులూ పోయినారు. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. ఒకామె కొంగు తలమీదుగా కప్పుకుని మా గడప ముందరకొచ్చి నిలబడె. కొంగు తీస్తే చూసినా. కిందివీధి ఆమె. బాంబు వేసినాడని జైల్లో పెట్టినారే, వాని తల్లి. ఆమె, మా అమ్మ ఇరవై ఏండ్లు ఒకే చేన్లలో కలుపు తీసినోళ్ళు, ఒకే ముంతలో నీళ్ళు తాగినోళ్ళు. మాకాడ సావు జరిగితే ఆడోళ్ళు వచ్చి ఇంటామె మెడ పట్టుకుని ఏడ్చి పోవాల. అట్లా ఏడవకపోతే ఆ సావు తీరినట్టు కాదు. ఆమె ఇంతవరకూ రాలేకపోయింది.

"అక్కా," అనింది, "నా కొడుకును వెనకేసుకొచ్చేదానికి రాలేదు. వాడు బాంబేసిన బండి మీద ఉండేది నీ కొడుకని తెలిసినాక వాడు ఇంట్లో అన్నం ముట్టలేదు, అది కూడా నీకు చెప్పగూడదు. ఒక్కసారి నీ మెడ పట్టుకుని ఏడ్చి పోతానక్కా. మా అబ్బి మాదిరి ఉండేవాడు నీ కొడుకు."

మా అమ్మ లేచింది. చేతులు చాపింది కూడా, నేను చూసినా. రెండడుగులు వేసి, గడప కాడికి వచ్చి, వీధిలోకి ఆ కొస ఈ కొస చూసింది. ఎవరూ లేరు. అయినా ఆ చాపిన చేతులు మెల్లగా దించుకునింది. వాకిట్లో కాపలా వాళ్ళ మంచం ఖాళీగా ఉండాది. మా అమ్మ దాని దిక్కు చూసి, మళ్ళీ ఆమె మొగం చూసింది. కండ్లలో నీళ్ళు కారతానే ఉండాయి.

"పో చెల్లీ," అనింది. "మాకిప్పుడు పార్టీ ఉండాది."