రెండో గ్లాసు

ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తల్లో రాతి పలకల బేరానికి బొంబాయి పోయి, మేం ముగ్గురు మార్కాపురం స్నేహితులం సరదాపడి కొచ్చిన్ దాకా ఓడ ఎక్కినాం. అక్కడ ఓడ ఒక పగలంతా ఆగింది. పాత కోట, చర్చీలు, నీళ్లలోకి దించే పెద్ద పెద్ద వలలు చూసి తిరిగేసరికి నా గొంతు ఎండిపోయింది.

ఒక ఇంటి ముందు కూర్చున్న ముసలామెకు నీళ్లు కావాలని సైగ చేసినాను. లోపలికి పోయి గ్లాసు తెచ్చింది. నీళ్లు ఎర్రగా, వెచ్చగా ఉన్నాయి. తుప్పు పట్టిన డబ్బాలోవి అనుకొని, ఆమె అటు తిరగ్గానే గోడవార పారబోసినాను. ఆమె చూడనే చూసింది. వేడికి తాగలేకపోయినాననుకుందో ఏమో, ఇంకో గ్లాసు తిరగబోసి చల్లార్చుకుంటూ తెచ్చింది. నేను వద్దని చెయ్యూపి వచ్చేసినాను.

ఓడకు పడవలో తిరిగిపోయేటప్పుడు, అరవం తెలిసిన మా సుబ్బయ్య ఆ నీళ్ల సంగతేందని పడవాయన్ని అడిగినాడు. విని నా వైపు తిరిగినాడు.

"ఎంత పని చేసినావు బావా! అవి ఏదో చెట్టు బెరడు వేసి కాచిన నీళ్లంట. ఇక్కడ బావులన్నీ ఉప్పేనంట. తాగే నీళ్లు ఏటి నుంచి పడవల్లో రావాలంట."

నేను పుట్టిన కొనకనమిట్లలో మా అమ్మ ఎండాకాలం మైలు దూరం నుంచి బిందె మోసుకొచ్చేది. ఆ నీళ్లు ఎవడన్నా పారబోస్తే ఊరి పొలిమేర దాకా వాణ్ణి తిట్టిపోసేది.

ఆ ముసలామె నాకు రెండో గ్లాసు తెచ్చింది. అదన్నా తాగి రాకపోతిని.