టెలిస్కోపుకి బొట్టు ఎక్కడ పెట్టాలి

మా కాలేజీ మేడ మీద టెలిస్కోపు ఉందనగానే ఎవరైనా అడిగేది ఒకటే ప్రశ్న: "ఏం కనపడుద్ది?" ఏమీ కనపడదు. కన్ను పెట్టి చూసే చోటే దానికి లేదు. కన్ను ఉండాల్సిన చోట కెమెరా ఉంది. ఈ మాట చెప్పాక అవతలివాళ్ళు నన్ను చూసే చూపు, పెళ్ళికి పిలిచి భోజనం లేదన్నవాణ్ణి చూసే చూపు.

ఉన్నవేమిటో చెబుతాను. పధ్నాలుగు అంగుళాల అద్దం ఉన్న గొట్టం. దాన్ని మోసే ఇనప స్తంభం. ఆ రెంటికీ మధ్య, భూమి తిరుగుడుకి సరిగ్గా ఎదురు తిరుగుతూ చుక్కని కదలకుండా పట్టి ఉంచే మౌంటు. గొట్టం వెనక రంగు ఫిల్టర్ల చక్రం, దాని వెనక గడ్డకట్టేంత చల్లగా ఉండే కెమెరా. గొట్టం ముందు గాజుకి మంచు పట్టకుండా చుట్టిన వేడి పట్టీ. గదిలో తేమ లాగే మిషను, యూపీఎస్, కంప్యూటరు. వీటన్నిటినీ పనిచేసే స్థితిలో ఉంచడం నా ఉద్యోగం. చదివింది ఎలక్ట్రానిక్స్ కాబట్టి అందులో సగం నాకు వచ్చు. మిగతా సగం బెదురుతూ నేర్చుకున్నాను.

వీటన్నిటి మీదా కప్పిన రేకు డోము ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే మేస్త్రి చేశాడు. అందుకే తలుపుకి బస్సు తలుపు పిడి ఉంటుంది, పైన తెరుచుకునే రేకు అంచులకి బస్సు కిటికీ రబ్బరు ఉంటుంది. బిగించిన రోజు ఆయన "వాన ఒక్క చుక్క దిగితే నన్నడగండి" అన్నాడు. దిగలేదు. కాకపోతే లోపలికి అడుగుపెట్టిన ప్రతి ఒక్కరూ తెలియకుండానే ఒక పక్కకి జరిగి నిలబడతారు, వెనక ఇంకెవరో ఎక్కాలన్నట్టు.

విజయవాడ నుంచి పామర్రు వెళ్ళే దారిలో, చుట్టూ వరిచేల మధ్య ఉంటుంది మా కాలేజీ. అలాంటిచోట అబ్జర్వేటరీ పెట్టమని ఏ పుస్తకమూ చెప్పదు. అక్టోబరు వస్తే చేలలోంచి పచ్చదోమ లేచి కంప్యూటరు తెర మీద వాలుతుంది. గన్నవరంలో దిగే విమానాలు ఫొటోలకి అడ్డంగా గీతలు గీసిపోతాయి. తేమ సంగతి చెప్పక్కర్లేదు. తేమ లాగే మిషను కింది బకెట్టుని రోజూ పారబోయాలి.

ఆ బకెట్టు పారబోసేది బాబాయ్. నాకు బాబాయ్ కాదు, కాలేజీ మొత్తానికి. ఫిజిక్సు ల్యాబు అటెండరు. నేను పుట్టకముందు నుంచీ ఆ ల్యాబులో ఉన్నాడు. నా చదువు మీద ఆయనకి పెద్ద గౌరవం లేదు, దాన్ని దాచుకునే అలవాటూ లేదు. కెమెరాని ఆయన ఫ్రిజ్జు అంటాడు. "అంత చల్లగా పెట్టారు, ఒక్క మంచినీళ్ళ సీసాకి జాగా పెట్టలేకపోయారా" అని వచ్చిన రోజే అడిగాడు.

టెలిస్కోపు అసలు మేడంగారిది. ఆవిడ మా ఫిజిక్సు హెడ్డు. ఎన్నో ఏళ్ళు ఎందరినో అడిగి తెప్పించుకుంది. దానితో ఆవిడ చూడాలనుకున్నది ఒకే ఒక్క నక్షత్రం. నిజానికి అవి రెండు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, ఎన్నో ఏళ్ళకోసారి ఒకటి రెండోదానికి అడ్డం వస్తుంది. అప్పుడు వెలుగు కొంత తగ్గి, కొన్ని నెలలు అలాగే ఉండి, మళ్ళీ పెరుగుతుంది. కిందటిసారి అడ్డం వచ్చినప్పుడు ఆవిడ కొత్తగా చేరిన లెక్చరరు, చేతిలో ఏ పరికరమూ లేదు. వచ్చేసారికి రిటైరై ఉంటుంది. "అప్పటికి నేనెక్కడుంటానో ప్రభువుకే తెలియాలి" అనేది. అంటే ఆవిడకున్నది ఈ ఒక్క అవకాశమే.

ఈ సంగతి బాబాయ్‌కి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"అంటే నక్షత్రానికి గ్రహణం."

"అవును బాబాయ్."

"గ్రహణమైతే గుడి తలుపులేస్తారు. మీరు తెరుస్తారేంటి?"

మేడంగారు పెట్టిన షరతు ఒక్కటే. వానలు తగ్గాక తీసే మొదటి వెలుగు కొలత నుంచి గ్రహణం విడిచేదాకా ఏ పరికరాన్నీ విప్పకూడదు, బిగించకూడదు, తుడవకూడదు. కెమెరా వెంట్రుకవాసి తిరిగినా, అద్దాల అమరిక చెదిరి చుక్కల ఆకారం మారినా, నిన్నటి కొలతకీ ఇవాల్టి కొలతకీ పొంతన కుదరదు. "తగ్గింది నక్షత్రమా, మీ టెలిస్కోపా అని రేపెవడన్నా అడిగితే ఏం చెప్తావ్?" అని నన్ను అడిగింది. తగ్గకముందు కొలతలు సెప్టెంబరు చివర్లో మొదలుపెట్టాం. చక్కగా వస్తున్నాయి.

అప్పుడు దసరా వచ్చింది.

బెజవాడ చుట్టుపక్కల దసరాకి ఆయుధపూజ చేయని మిషను ఉండదు. ఆటోనగర్‌లో లేతు మిషన్ల దగ్గర్నుంచి పానాల దాకా పసుపూ కుంకుమా పడతాయి. మా ల్యాబులో ఆ పని బాబాయ్‌ది. ఓల్టు మీటర్లకీ, స్పెక్ట్రోమీటర్లకీ, పనిచేయని జిరాక్సు మిషనుకీ కూడా ఏటా బొట్టు పెడతాడు. టెలిస్కోపు కిందటి దసరా వెళ్ళాక వచ్చింది. అంటే దానికిది మొదటి దసరా.

మేడంగారిని ఫోన్లో అడిగాను. ఆవిడ ఆదివారం చర్చి మానని మనిషి. వద్దంటుందేమో, నా పని తేలికవుతుందేమో అనుకున్నాను.

"పూజ ఆపమనను. ల్యాబు మిషన్లని ఆయన చూసుకున్నంతగా మనమెవరమూ చూసుకోలేదు. గాజు జోలికి మాత్రం రాకూడదు. అది నీ బాధ్యత" అంది.

దాంతో బాబాయ్‌ని కూర్చోబెట్టి, ఎక్కడ పెట్టొచ్చో ఎక్కడ పెట్టకూడదో చెప్పాను. పెట్టదగినవి: స్తంభం, తలుపు, యూపీఎస్, తేమ మిషను, కంప్యూటరు పెట్టె. పెట్టకూడనివి: గాజు, మౌంటు పళ్ళచక్రాలు, ఫిల్టర్ల చక్రం, కెమెరా. అగరొత్తులు బయటే. కొబ్బరికాయ మెట్ల మీద.

"నిమ్మకాయలు?"

"నిమ్మకాయలు దేనికి?"

"డోముకి చక్రాలున్నాయిగా. కింద పెట్టి ఒక్క చుట్టు తిప్పితే సరిపోద్ది."

"చక్రాలు నడిచే పట్టా తుప్పు పట్టిద్ది బాబాయ్. వద్దు."

"సరే. స్తంభానికి పెట్టమంటావ్. అంటే కాలికి. ముఖానికి పెట్టకుండా కాలికి బొట్టు ఎవరన్నా పెడతారా?"

"టెలిస్కోపుకి ముఖం ఉండదు బాబాయ్."

"ముఖం లేనిదానికి మూత దేనికయ్యా?" అన్నాడు. ఆయన గెలిచినట్టుగానే లేచి వెళ్ళాడు.

మహర్నవమి పొద్దున సెలవైనా ఇద్దరం వచ్చాం. బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. తలుపు నుంచి మొదలుపెట్టి నేను చెప్పిన వరసలోనే వచ్చాడు. యూపీఎస్‌కి మూడుచోట్ల పెట్టాడు, కరెంటు పోయినప్పుడు కాపాడేది అదేనని. నాకు ధైర్యం వచ్చింది. సరిగ్గా అప్పుడే మేడంగారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. రేకు డోము లోపల మాట సరిగా వినపడదు. బయటికి వచ్చాను.

"అంతా సవ్యంగానే ఉందా?"

"సవ్యంగా ఉంది మేడం. గాజు దగ్గరికి కూడా పోలేదు."

తిరిగి లోపలికి వెళ్ళేసరికి గొట్టం మూత బాబాయ్ ఎడమచేతిలో ఉంది. దుమ్ము పడకుండా గొట్టాన్ని నేనే అడ్డంగా నిలిపి ఉంచాను. అందువల్ల దాని ముందు భాగం సరిగ్గా బాబాయ్ ముఖం ఎత్తుకి వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. ఒకరికి బొట్టు ఉంది. రెండోదానికి కూడా అప్పటికే ఉంది. పసుపు గుండ్రంగా, దాని మధ్య కుంకుమ.

"బాబాయ్!"

"అరవకు. గాజు ముట్టుకోలా. నడిమధ్య ఈ నల్లబిళ్ళ ఉందే, దానికే పెట్టా. ఇట్టా ఎదురుగా నిలబడి నన్నే చూస్తంటే పెట్టకుండా ఎట్టా పోను?"

ఆయన చెప్పింది నిజమే. గాజు మధ్యలో అరచేయంత నల్లబిళ్ళ ఉంటుంది. బొట్టు దాని మీదే ఉంది. కింద గాజు మీద మాత్రం నాలుగైదు కుంకుమ రేణువులు రాలాయి. రబ్బరు బుడ్డితో గాలి ఊదాను. కొన్ని ఎగిరిపోయాయి, కొన్ని పోలేదు. మళ్ళీ బయటికి వెళ్ళి ఫోను చేశాను.

"మేడం, బొట్టు పెట్టారు."

"ఎక్కడ?"

"ముఖానికి మేడం."

"దానికి ముఖమేంటి?" అని, "సాయంత్రం వస్తున్నా. ఏదీ ముట్టుకోకు" అని పెట్టేసింది.

పొద్దువాలేవేళకి వచ్చింది. బాబాయ్ ఇంటికి పోకుండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, చేతులు కట్టుకుని, వాదనకి సిద్ధంగా. ఆ చేతులతోనే మా వెనక లోపలికి వచ్చాడు. మేడంగారు టార్చి వేసి గాజుని దగ్గరగా చూసింది. ఆ తర్వాత బాబాయ్ వైపు కాకుండా నా వైపు తిరిగింది. వైవా మొదలైంది.

"ఆ బిళ్ళ వెనకేముంది?"

"చిన్న అద్దం మేడం."

"బిళ్ళ మీద పడిన వెలుగు లోపలికి వెళ్తుందా?"

"వెళ్ళదు."

"అయితే బొట్టు వల్ల?"

"ఏమీ కాదు మేడం."

"రేణువుల వల్ల?"

"అంత ముందున్న గాజు మీద అంత చిన్నవి ఫొటోలో తెలియవు."

"మరి మనం దేనికి భయపడాలి?"

ఆవిడే చెప్పింది, మెల్లగా. ఆ బిళ్ళ చిన్న అద్దాన్ని పట్టి ఉంచే మరల మీద ఉంటుంది. దాన్ని గట్టిగా నొక్కితే అద్దం అమరిక చెదురుతుంది. చెదిరిందంటే చుక్కలు గుండ్రంగా రావు. ఇన్నాళ్ళ కొలతలు ఒక లెక్క, ఇకముందు కొలతలు ఒక లెక్క. గ్రహణం మొదలవడానికి ఇంక కొద్దిరోజులే ఉన్నాయి.

ఆ మాట విన్నాక బాబాయ్ చేతులు విప్పాడు.

"బొటనవేలితో నొక్కావా?" అని ఆవిడ అడిగింది.

"బొట్టు నొక్కరండీ. ఆనిస్తారు." తన వేలు చూసుకుని, "ఆనించా అంతే మేడంగారూ" అన్నాడు. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడటం నేనప్పటిదాకా వినలేదు.

చీకటి పడేదాకా ముగ్గురం ఆగాం. డోము రేకు తెరిచాం. మొదటి ఫొటో తీశాను. మేడంగారు దాన్ని ముందురోజు ఫొటో పక్కన పెట్టి, ఒక్కో చుక్కనీ పెద్దది చేసి చూసింది. తెర మీద పచ్చదోమ వాలితే చేత్తో తోలింది. బాబాయ్ మా వెనక నిలబడి, ఆ చుక్కల్లో తనకి ఏమీ తెలియకపోయినా, ఒక్కొక్కదాన్నీ ఆవిడతో సమానంగా చూశాడు.

"గుండ్రంగానే ఉన్నాయి" అంది చివరికి.

నేను వెంటనే మెత్తటి గుడ్డ అందుకున్నాను. "బొట్టు తుడిచేస్తాను మేడం."

"ముట్టుకోకు!" ఆవిడ అంత గట్టిగా అరవడం మా కాలేజీలో ఎవరూ విని ఉండరు. "ఆయన ఆనించాడు, బతికాం. నువ్వు రుద్దితే? గ్రహణం విడిచేదాకా ఏదీ తుడవకూడదన్నానా లేదా?"

"కానీ మేడం, బొట్టు…"

"ఉండనీ."

మెట్లు దిగేటప్పుడు బాబాయ్ నా భుజం తట్టాడు. "నేనేం అనలా బాబూ. మేడంగారే ఉంచమన్నారు."

ఆ తర్వాత మాకు పరీక్ష పెట్టింది ఆకాశం. సముద్రంలో వాయుగుండం అన్నారు. సరిగ్గా వెలుగు తగ్గడం మొదలవ్వాల్సిన రోజుల్లో మబ్బు పట్టి, ముసురు దిగింది. చేలలో నీళ్ళు నిలిచాయి. బకెట్టు పూటపూటకీ నిండుతోంది. మేడంగారు క్లాసుకీ క్లాసుకీ మధ్య ఫోన్లో శాటిలైటు బొమ్మ చూసుకునేది. దారిలో కనపడిన నన్ను ఏమీ అడిగేది కాదు, పైకి మాత్రం చూసేది. రెండు సాయంత్రాలు మబ్బు మధ్య సందు చూసి డోము తెరిచాం, గొట్టం తిప్పేలోపు మూసుకుంది. కిందటిసారి పరికరం లేదు, ఈసారి ఆకాశం లేదు అని ఆవిడ అనలేదు. అనకపోవడమే వినడానికి కష్టంగా ఉండేది.

ఆఖరికి ఒక సాయంత్రం గాలి మారింది. ఏడింటికల్లా ఈశాన్యం కడిగినట్టు తేలింది. అంతకుముందే ముగ్గురం పైన ఉన్నాం, ఎవరూ ఎవరినీ రమ్మనకుండానే.

ఫొటో తీశాను. పక్క నక్షత్రాలతో పోల్చి వెలుగు లెక్కగట్టాను. పాత అంకె కంటే తగ్గింది. పక్క నక్షత్రాలని ఒకదానితో ఒకటి పోల్చి చూశాను. అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. మేడంగారు కుర్చీలో కూర్చోకుండా నా వెనకే నిలబడి, "మళ్ళీ తియ్యి" అంది. తీశాను. మళ్ళీ అంతే. ఇంకోటి తీశాను. అంతే.

"తగ్గిందా అండీ?" అన్నాడు బాబాయ్.

"తగ్గిందయ్యా."

"మన టెలిస్కోపు కాదుగా?"

"కాదు. నక్షత్రమే."

ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. అది తుడవడానికి షరతులేమీ లేవు కాబట్టి చాలాసేపు తుడిచింది.

"వెలుగు తగ్గితే సంతోషించేవాళ్ళని మిమ్మల్నే చూశా" అన్నాడు బాబాయ్. "విడుపు ఎప్పుడండీ?"

"వేసవికి."

"అమ్మో. అప్పటిదాకా నిలబడే ఉంటారా?" అంటూ కుర్చీ లాక్కొచ్చి ఆవిడ వెనక వేశాడు.

మేడంగారు కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుని, తెర వైపు జరిగి, "ఫిల్టరు మార్చు. ఇప్పుడు ఎరుపులో తీద్దాం" అంది.