ఏ ఊరి గడియారం?

మా భూగోళం సారు పోయినారు. మొన్న తెల్లవారుజామున నమాజుకు లేచి, మంచం మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయినారు. నా పొయ్యి మీద పాలు పొంగకముందే గోడ అవతల ఏడుపు వినిపించింది.

బుక్కరాయసముద్రం బడిలో ఆయన భూగోళం, నేను లెక్కలు. ఇరవై ఏండ్లు ఒకే స్టాఫ్‌రూములో పోట్లాడుకుని, రిటైరైతే ఆ సౌకర్యం పోతుందని పక్కపక్కనే ఇండ్లు కట్టుకున్నాం.

ఆయన పాఠాల్లో పిల్లలు మరవనిది విమానాల పాఠం. గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పట్టి, ఆ దారాన్ని భూమధ్యరేఖ మీద పరిచి, డిగ్రీకి నూటపదకొండు కిలోమీటర్ల చొప్పున దూరం కట్టించేవారు. ఎవరైనా గోడమ్యాపు మీద స్కేలు పెడితే, "భూమి రొట్టె గాదప్పా, గుండ్రటి చీనీకాయ" అనేవారు. దూరాన్ని వేగంతో భాగించి, గంటలు తేలినాయని పిల్లలు పెన్నులు మూసినాక అసలు గొడవ మొదలయ్యేది. ఏ ఊరి గడియారం? దిగినాక బస్సు లెక్క యాడ పోయె? ఈ రెండూ రాయనివాళ్ళకు సగం మార్కులే. జన్మలో విమానం ఎక్కని మనిషికి ఇంత పట్టింపెందుకని నేను ఎత్తిపొడిస్తే, "నేనెక్కకపోతే ఏమి లెక్కలమ్మా, నా దారం ఎక్కింది గదా" అన్నారు.

ఆయన ఒక్కగానొక్క కూతురు మస్కట్‌లో నర్సు. ఆ పొద్దున ఏడుస్తూ ఫోన్ చేసిందట. తొమ్మిదికి విమానం, మూడు గంటల ఇరవై నిమిషాల ప్రయాణం, పన్నెండూ ఇరవైకి బెంగళూరులో దిగుతాను, మా అబ్బా మొగం చూడనీకుండా తీసుకపోవద్దండి అని. సారు తమ్ముడు దానికి రోడ్డు మీద మూడున్నర గంటలు కలిపినాడు. సాయంత్రం ఐదుకు, అసర్ నమాజు కాగానే ఖననమని మసీదు మైకులో చెప్పించినాడు.

ఈ మాట నా చెవిన పడేసరికి పదకొండు. ఆ తొమ్మిది మస్కట్ తొమ్మిది. ఆ ఊరు మనకంటే గంటన్నర వెనక. మన గడియారంలో ఆమె దిగేది రెండుకు పది నిమిషాల ముందు, ఇల్లు చేరేది ఐదూ ఇరవైకి. అప్పటికి భుజాలకెత్తిన జనాజా వీధి దాటిపోయి ఉంటుంది. అడుగుదామంటే ఆమె ఆకాశంలో ఉంది, ఫోన్ అందదు.

తమ్ముడు చిరాకు పడినాడు. "విమానం సంగతి మాకూ తెలుసులే అక్కా. మైకులో చెప్పినాక మార్చేదెట్ల?"

"మార్చమని తరువాత అడుగుతాను. ముందు ఏ ఊరి గడియారమో చెప్పు."

ఆయనా అన్న దగ్గరే చదువుకుని, ఈ ప్రశ్నకే సగం మార్కులు పోగొట్టుకున్న మనిషి. చెప్పులు కూడా వేసుకోకుండా మసీదుకు నడిచినాడు. పెద్దలు ఏమంటారోనని నేను గోడ పట్టుకుని నిలబడినాను. చాలాసేపటికి మైకు గరగరమంది. ఖననం పొద్దుగూకినాక, మగ్రిబ్ నమాజు తరువాత.

సారుతో గెలిచిన వాదం ఒక్కటీ గుర్తులేదు. ఓడినవే ఆ రోజు పనికొచ్చినాయి.

ఐదూ ఇరవై దాటింది. కారు లేదు. ఐదున్నర. నా లెక్క తప్పిందేమోనన్న భయం సర్వీసులో ఎన్నడూ ఎరుగను. ఇంకో పది నిమిషాలకు వాకిట్లో కారు ఆగింది.

ఆ పిల్ల ఎవరినీ చూడలేదు. తిన్నగా పోయి తండ్రి పక్కన కూలబడి, నుదుటి మీద చెయ్యి పెట్టింది. మణికట్టు మీది గడియారం ఇంకా మార్చుకోలేదు. అందులో నాలుగూ పది. ఐదు కావడానికి ఇంకా యాభై నిమిషాలుంది.