చిన్నబొమ్మలో ఎర్రదారం

వీధిలో అందరూ ఆవిడను డేగకళ్లావిడ అనేవారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది? కత్తెర జానెడు జరిగినా కనిపెట్టేది. గుండుసూదులు లెక్కపెట్టుకుంటే గానీ కంటిమీద కునుకు పట్టేది కాదు.

ఆవిడ గుడ్డతో రష్యా బొమ్మలు కుట్టేది. ఒకదాని కడుపులో ఒకటి దాక్కునే చెక్కబొమ్మలు అందరూ చూసినవే. ఈవిడవి మాత్రం రెండు పొరల గుడ్డ మధ్య పల్చగా దూది పరిచి, అడుగు తెరిచి ఉంచినవి. అలాంటివి నాలుగు, ఒకదానిమీద ఒకటి టోపీల్లా తొడగాలి. అన్నిటికన్నా లోపల, దూది కూరి మూసేసిన బొటనవేలంత చిన్నబొమ్మ. ప్రతిదాని అంచులో ఎవరికీ కనపడని ముడి ఒకటి వేసేది. అది ఆవిడ సంతకం. సొంత కోడలికి కూడా ఆ ముడి నేర్పలేదు.

ఒకరోజు పొద్దున మూడోబొమ్మ అంచు తడుముతుంటే వేలు ఆగిపోయింది. ముడి ఎడమకు తిరిగి ఉంది! ముప్పై ఏళ్లుగా ఆవిడ ముడి కుడికే తిరుగుతుంది. ఎవరో విప్పి మళ్లీ కుట్టారు. కోడలిది ఎడమచేతివాటం.

"అనుకుంటూనే ఉన్నాను," అని పళ్లు నూరింది. పక్కవీధి బొమ్మల కొట్టువాడు ఈమధ్య కోడలిని పనిగట్టుకుని పలకరిస్తున్నాడు మరి. కొలతలు వాడి చేతికి చిక్కితే అంతే సంగతులు. ఇది నాది అని చెప్పుకోవడానికి ఆవిడకు ఈ బొమ్మలు తప్ప ఏమున్నాయి?

నాలుగు రోజులు ఏమీ ఎరగనట్టు తిరిగింది. ఐదోరోజు సాయంత్రం మిషను మూల మసక వెలుతురులో కూర్చుని చిన్నబొమ్మ అడుగున ఎర్రదారంతో ముడి వేసి, దానిమీద మిగతావన్నీ తొడిగి బల్లమీద పెట్టింది. ఆ రీలు చేతిసంచిలో వేసుకుని, సంచి తలకింద పెట్టుకుని మరీ పడుకుంది.

మర్నాడు కిటికీ దగ్గర ఒక్కొక్క బొమ్మే తీసింది. చిన్నదాని అడుగున ముడి కాఫీరంగులో ఉంది.

"దొరికావు! నేను వేసింది ఎర్రదారం. ఎవరికిచ్చావు నా కొలతలు?"

కోడలు బిత్తరపోయింది. "దీన్ని నేను ముట్టుకోలేదు అత్తయ్యా, ఒట్టు. ఏదీ, ఆ రీలు తీసి వెలుగులో చూడండి."

తీసింది. కాఫీరంగు రీలే.

రీలును ముడి పక్కన పెట్టి మరోసారి చూసుకుంది. "మరి మూడోబొమ్మ?"

"అది నేనే విప్పాను. ఆర్నెల్ల నుంచి చాలా విప్పాను. మీ కుట్లు గీత దాటిపోతున్నాయి. ఒకదానిమీద ఒకటి ఎక్కట్లేదు. మనం పంపే కొట్టువాళ్లు తిప్పి పంపితే మీరు తట్టుకోలేరని..."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మేవారా?"

నమ్మేది కాదు. ఆ సంగతి అందరికన్నా ఆవిడకే బాగా తెలుసు. కళ్లు పోతున్నాయన్న భయంకన్నా, ఈ పిల్లను దొంగను చేశానన్న సిగ్గే ఎక్కువ బాధపెట్టింది. అయినా బుద్ధి ఊరుకుంటుందా?

"ముడి ఎవరు నేర్పారు?"

"మీ ముళ్లే. విప్పి విప్పి నేర్చుకున్నాను."

ఎవరినీ తాకనివ్వని చిన్నబొమ్మను ఆవిడ కోడలి చేతిలో పెట్టింది.

"ఇదీ విప్పు. ఎర్రదారం నువ్వే చూసి తియ్యి. ముడి మాత్రం ఎడమకే వెయ్యి. ఏది నాదో ఏది నీదో నా వేలికి తెలియాలి."