తిన్నమన్న మాట

నోరున్న మనిషినని నాకు పేరు. బస్సులో కండక్టరుతోనైనా, ఇంట్లో అత్తగారితోనైనా ఏనాడూ తగ్గలేదు. అలాంటి నేను నిజం చెప్పాల్సిన ఒక్క రోజు అబద్ధమాడి ఊరుకున్నాను. పదిహేనేళ్లకు పైగా అది గుండెల మీద కూర్చునే ఉంది. నీతులు చెప్పడానికి తొందరపడకండి. ఆ పని నాకు నేనే చాలాసార్లు చేసుకున్నాను.

డెబ్బైల్లో వరంగల్‌లో పోషకాహారం చదువుకున్నాం, నేనూ సమ్మక్కా. హాస్టల్లో ఒకే గది. మాది మరిపెడలో కిరాణా దుకాణం. వాళ్లు పాలంపేట దగ్గర నాట్లు వేసే కూలీలు. చివరి ఏడాది ఒక ఊళ్లో సర్వే పెట్టారు. నిన్న ఏం తిన్నారని ఇంటింటా అడిగి ఫారం నింపాలి. బాగా చేసిన ఒక్కరిని విదేశీ శిక్షణకు పంపుతామన్నారు మా మేడమ్.

వాళ్లు చెప్పింది చెప్పినట్టు నేను రాసుకుపోయాను. సమ్మక్క మాత్రం మంచినీళ్ల వంకతో లోపలికి వెళ్లి అన్నం కుండ మూత తీసి చూసేది. ఒక ఇంట్లో నేనూ వెనకే వెళ్లాను.

"ఏందే, దొంగపిల్లి లెక్క!" అన్నాను.

"బయటోల్లు అడిగితె తినలేదని ఎవలన్న చెప్తరా? మా అవ్వ సుత తిన్న అనే అంటది. జర పొయ్యి చూడు, నిన్న రాజేసినట్టున్నదా? దుకాణపోల్ల బిడ్డవు, నీకేం ఎర్క!"

కుండ ఖాళీ. పొయ్యిలో చల్లటి బూడిద. 'తినలేదు' అని రాసింది సమ్మక్క.

మేడమ్ తనిఖీకి వెళితే ఆ ఇల్లాలు కడుపునిండా తిన్నామనే చెప్పింది. సమ్మక్క దొంగ లెక్కలు రాసిందన్నారు. కుండ చూశానని, వెనకే నేనూ ఉన్నానని తను అంటే, మేడమ్ నన్నడిగారు. నేను వాకిట్లోనే ఉన్నాను, చూడలేదన్నాను. సమ్మక్క నా వైపు చూసింది. అంతే. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేది!

ఎందుకన్నాను? విమానం మీద ఆశా? ఆ ఎత్తిపొడుపు గుచ్చుకుందా? కూలోళ్ల పిల్ల నాకన్నా తెలివైనదన్న కడుపుమంటా? ఇన్నేళ్లు వెతికినా, నా ముఖం నాకు బాగా కనబడే కారణం ఒక్కటీ దొరకలేదు.

శిక్షణకు నేనే వెళ్లాను. ఎన్నో దేశాల ఆడపిల్లల మధ్య లేచి, కుండా పొయ్యీ చూడాలని నా సొంత పద్ధతిలా చెప్పాను. వెనక నుంచి ఒక నల్లటి పిల్ల, మా అమ్మా అంతే, తినకపోయినా తిన్నాననే అంటుంది, అంది. ఆ మాట వెంటనే చెప్పాలనిపించి పక్కకు తిరిగాను. పక్క కుర్చీలో ఎవరో ఉన్నారు. సమ్మక్క కాదు. ఏ మంచి మాట విన్నా ఇప్పటికీ అలాగే తిరుగుతాను. తను ఎక్కడుందో తెలియదు. చదువయ్యాక ఉత్తరం రాయలేదు, నేనూ రాయలేదు.

మొన్న నేను పాఠం చెప్పే క్లాసులో ఒక అమ్మాయి, ఈ పద్ధతి ఎవరిది మేడమ్, అని అడిగింది. నాదే అన్నాను. అలవాటు!

నాది కాదు. సమ్మక్కది. ఆ రోజు నేను వాకిట్లో లేను. తన భుజం మీదుగా వంగి చూశాను. చూశాను.