అయ్యవారి భుజానికి అంటించిన చీటీ

సన్మాన సభల్లో మైకు మొరాయించడం మీరు చూసే ఉంటారు. సన్మానం అందుకుంటున్న పెద్దమనిషినే చెత్తకింద జమకట్టిన ఘనత మాత్రం నాది. ఎట్లాగో వినండి.

ఎనభైల నడుమ మద్రాసులో పరిశోధన చేస్తున్నాను. కణం అక్కరలేని ప్రొటీన్లను ఎట్లా వదిలించుకుంటుందన్నది నా విషయం. తిరుత్తణిలో నాకు సైన్సు చెప్పిన అయ్యవారు రిటైరవుతున్నారనీ, వచ్చి నీ పరిశోధన గురించి నాలుగు మాటలు చెప్పమనీ కబురొచ్చింది. మగ్గం పని ఆపి మరీ వచ్చిన మా నాయన ముందు వరసలో కూర్చున్నాడు. ఇక నేను ఆగుతానా?

ఏ ప్రొటీన్ ఎంత ఉండాలో కణమే చూసుకుంటుందని, ఎక్కువైనదానికీ చెడిపోయినదానికీ యుబిక్విటిన్ అనే బుల్లి ప్రొటీన్‌ను చీటీలా తగిలిస్తుందని, చీటీ పడినదాన్ని ముక్కలు చేసేస్తుందని దంచి చెప్పాను. జనం పెళ్లిలో మంత్రాలు విన్నట్టు విన్నారు. సరే, కళ్లకు కట్టిస్తానని కాగితం ముక్కకు బంక రాసి, పక్కనున్నది ఎవరో చూడకుండా భుజానికి అంటించాను.

"చూడండి, వీరి పని అయిపోయింది. ఇంకా ఉంచుకుంటే కణానికే చేటు," అన్నాను.

తిరిగి చూస్తే కొత్త శాలువా, దాని మీద నా చీటీ, ఆ పైన అయ్యవారి ముఖం. నాయన కండువాతో ముఖం తుడుచుకోవడం మొదలుపెట్టి, ఇక కండువా తీయలేదు.

అయ్యవారు చీటీ పీకలేదు. మైకు దగ్గరికొచ్చి నన్నే అడిగారు. "ఆ ముక్కలు యాడికి పోతాయి పాపా?"

"కొత్త ప్రొటీన్లు కట్టేదానికి వాడుకుంటుంది సార్," అన్నాను.

ఆయన సభవైపు తిరిగారు. "విన్నారు గదా. నా ముక్కలతో కట్టిన కొత్తది ఇదో, ఈ పిల్ల. కట్టడం బాగానే కుదిరింది. రోంత తొందర ఎక్కువ పడింది."

చప్పట్లతో రేకుల కప్పు అదిరింది. అయ్యవారు చీటీతోనే ఇంటికి వెళ్లారు. మా ఊరు కనకమ్మసత్రంలో బస్సు దిగగానే నాయన టీ కొట్టు దగ్గర నిలబడి, అడగని వాళ్లకు కూడా చెప్పాడు: "అయ్యవారికే చీటీ అంటించినాది మా పాప. ఇంకెవురి వల్ల అవుతాది?"

నా ఒంట్లోని సమస్త కణాల సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను: శాలువా కప్పుకున్నవారి పక్కన నిలబడి సైన్సు చెప్పను.